తడవని దిమ్మ

అనకాపల్లి పక్క కొండ, మేకలు నడిచే దారి. భాద్రపదం, పొద్దున్న ఏడు గంటలు, పట్టిన వాన పట్టినట్టే ఉంది. నెత్తిన మూటతో ముందు నడుస్తున్నవాడు బెల్లం మార్కెట్‌లో మూటలు మోసే కలాసీ కనకరాజు. గొడుగేసుకుని రొప్పుతూ వెనకపడ్డవాడు అతని పెళ్ళానికి చిన్నాన్న, ఆ కలాసీల ముఠాకి మేస్త్రీ నానాజీ. ఈ వానల్లో కొండెక్కే మనిషి ఊరంతటికీ కనకరాజు ఒక్కడే. ఇవాళ రెండో మనిషి వచ్చింది ఆ ఒక్కణ్ణీ ఆపడానికి.

"ఆగరా అంటే ఆగవేటి! ఒరే కనకరాజూ! ఈ వయసులో నీ ఎనకాల నాను పరిగెత్తగల్నా?"

"పరిగెత్తొద్దు మామా. ఎనక్కెళ్ళిపో. కింద టీ కొట్టుంది, బల్లుంది, పైన రేకుంది. సుబ్బరంగా కూకో. గంటలో వచ్చేత్తాను."

"నువ్వే వత్తావో, నలుగురు మోసుకొత్తారో! కాల్లో రాడ్డున్నోడు ఎక్కీ దారేనా ఇది? బురద సూడు."

"సూత్తన్నాను. దానిమీదే నడుత్తన్నాను గదా."

"అటేపు మెట్లున్నాయి గదరా! సిమెంటు మెట్లు, పక్కన పట్టుకోడానికి పైపు. బుద్దున్నోళ్ళందరూ అటే ఎల్తారు."

"మెట్లకి పైపుంది. లారీ బల్లకి పైపుంటాదేటి?"

"అదేం మాట?"

"ఉంటాదా, సెప్పు. నలభై ఏళ్ళు మోసేవు. నేల మీంచి లారీలోకి ఏసిన బల్ల. దానిమీద వాననీళ్ళు. నెత్తిమీద బెల్లం దిమ్మ. పట్టుకోడానికేటుంటాది?"

"ఏటీ ఉండదు."

"అందుకే ఈ దారి."

"నీతో మాటాడి గెలవనేను గానీ, కాసేపు నిలబడు. ఊపిరందట్నేదు. పనుండి వచ్చేను."

"నడుత్తూ సెప్పు. నిలబడితే రాడ్డు సల్లబడిపోద్ది. మళ్ళీ ఏడెక్కడానికి టైం పడతాది."

"సల్లబడ్డానికీ ఏడెక్కడానికీ అదేటి, ఇంజనా?"

"ఇంజనే అనుకో."

"సరే, నడుత్తూనే సెప్తాను. నిన్న సాయంత్రం ముఠా కూకుంది."

"నన్ను పిలవకుండా."

"నీ గురించి మాటాడ్డానికి నిన్ను పిలుత్తారేటి?"

"బాగుంది. ఏటి మాటాడేరు?"

"దసరా పూజలో పేర్లు సదవాల గదా. పదిహేడు పేర్లు. కొత్త బెల్లం దిగీ ముందే ఎవుడున్నాడో ఎవుడు నేడో తేలిపోవాల... ముందా రాయి సూసుకో! అదీ. నిదానంగా."

"సూసుకున్నాను. పదిహేడులో నా పేరుందా?"

"కట్టుబాటు నీకు తెలుసు."

"తెలుసు. నీ నోటంట ఇనాలనుంది."

"సరుకు ఎవుడి సేతిలో తడుత్తాదో ఆడు ముఠాలోంచి తప్పుకోవాల. నాను పెట్టింది కాదురా, మా నాయన మేస్త్రీగా ఉన్నప్పటిది. బెల్లం ఒకసారి సెమ్మ పట్టిందంటే పాకవే. ఏ షావుకారూ ముట్టుకోడు. అందుకే పెట్టేరు. ఒళ్ళు తడవనీ, దిమ్మ తడవకూడదు."

"మాఘంలో అకాలం వాన. బల్ల మీంచి జారేను. రెండు దిమ్మలు కాలవలో పడ్డాయి, నా తొడెముక రెండు ముక్కలయింది. నిన్న కూకున్నోళ్ళు దిమ్మల గురించి మాటాడేరు. తొడెముక గురించి ఎవుడైనా మాటాడేడా?"

"ఆసుపత్రికి మోసుకెళ్ళిందెవుడ్రా? ముఠా కాదేటి?"

"మోసుకెళ్ళేరు. కాదన్నేదు. నన్ను మోసిన సేతుల్తోనే నా పేరు కొట్టేత్తావంటన్నారు."

"కొట్టెయ్యడం కాదురా అల్లుడా. నిన్ను నీడపట్టున కూకోబెడదావంటన్నారు. ధనరాజ్ షావుకారు గారితో నానే మాటాడేను. ఆయన గొడౌను కాడ వాచ్‌మన్ పని. కుర్చీ ఇత్తారు. నెత్తిమీద శ్లాబు. ఎంత వానొచ్చినా నీమీద సుక్క పడదు."

"నామీద సుక్క పడకూడదని నానెప్పుడైనా అడిగేనేటి?"

"నువ్వడగవు. నీకోసం నానడిగేను."

"కుర్చీలో కూకుని ఏటి కాయాల?"

"గొడౌను."

"కాదు. నా జట్టోళ్ళు నా ముందు నించి దిమ్మలు మోసుకుపోతంటే, గుమ్మం కాడ ఆళ్ళిప్పిన సెప్పులు కాయాల."

"అబ్బో! మాటలకేం తక్కువనేదు."

"కాళ్ళకీ తక్కువనేదు. నీకన్నా ముందున్నాను సూడు."

"ఇదిగో, కాగితం జేబులో ఉంది. పంతులు గారి సేత రాయించేరు. నువ్వే నీ ఇష్టంతో తప్పుకుంటన్నట్టుంటాది. ఒక్క సంతకం. ముఠా తీసేసిందన్న మాట నీకుండదు. పరువుగా ఉంటాది."

"కాగితం జేబులో ఎట్టుకుని కొండెక్కేవా! అంత తొందరా?"

"ఇంటికెళ్తే నేవు. మా అప్పలనర్సమ్మ సెప్పింది, కొండకెళ్ళేడు చిన్నాన్నా అని. సెప్పి ఆ బెల్లం టీ ఒకటి సేతిలో ఎట్టింది. ఏట్రా, ఈ మూణ్ణెల్లూ మీ ఇంటికెప్పుడొచ్చినా బెల్లం టీ, బెల్లం టీ! మొన్నొత్తే బూరెలు. పండగా, పబ్బవా? పంచదార మానేసేరేటి?"

"పంచదార ఒంటికి మంచిది కాదంట."

"ఎవులు సెప్పేరు?"

"ఫోన్లో సెప్పేరు. జాగర్త, ఇక్కడ నాచు."

"నాచే! అంతా నాచే! ఈ కొండ మీద నువ్వూ, నానూ, నాచూ! వేసవిలో తెల్లారీసరికి ఎలాగుండీది? జాతర లాగ. తెల్ల బూట్లు, టోపీలు, సేతికి అడుగులు లెక్కెట్టీ వాచీలు. ధనరాజ్ షావుకారు గారు, బేంకు మేనేజరు, సుచిత్ర టీచరమ్మ గారి బేచ్చు. నువ్వు కర్రేసుకుని ఆళ్ళ ఎనకాల మెట్లెక్కీవోడివి. ఒక్క వాన పడింది. ఒక్కడున్నాడేటి? సదువుకున్నోళ్ళకి తెలిసింది నీకు తెలవదా?"

"ఆళ్ళు మానెయ్యనేదు మామా. గ్రూపులో ఉన్నారు."

"గ్రూపేటి?"

"ఫోన్లో. నన్నూ అందులో ఏసేరు. పొద్దున్నే అయిదింటికల్లా షావుకారు గారు మెసేజెడతారు, 'ఆగవద్దు, ముందుకు సాగండి' అని. కింద సూర్యుడి బొమ్మ. టీచరమ్మ గారు దండం బొమ్మ ఎడతారు. మేనేజరు గారు కండ బొమ్మ. ఎట్టేసి అందరూ దుప్పట్లు కప్పుకుంటారు."

"మరి నీకెందుకు పట్టుకుందిరా ఈ పిచ్చి? తెల్లారగట్ల రేకుమీద వాన సప్పుడు ఇంటే, నాకైతే మంచం దిగబుద్దెయ్యదు."

"నాకూ ఎయ్యదు."

"మరెలా వత్తన్నావు?"

"నవ్వకు."

"నవ్వను. సెప్పు."

"మంచం దిగ్గానే పెరట్లోకెళ్ళి సెంబుడు సన్నీళ్ళు నెత్తిమీద గుమ్మరించుకుంటాను. అప్పటికే తడిసిపోయినోణ్ణి ఇంక వానేటి సేత్తాది?"

"ఓరి నీ... హహ... ఓరి నీ తస్సాదియ్యా!"

"నవ్వనన్నావు."

"మా అప్పలనర్సమ్మ ఏటంటాది దీనికి?"

"మొదట్లో తిట్టీది. ఇప్పుడు సెంబు అదే నింపి ఉంచుతంది."

"దానికీ ఎక్కించేసేవన్నమాట పిచ్చి. అది సరే, ఆ నెత్తిమీద మూటేటి? ఇసకా?"

"దిమ్మ."

"దిమ్మా? బెల్లం దిమ్మా?"

"పదిహేను కేజీలు. లోపల ఎండు తాటాకు, దానిమీద గోనె, పైన నీళ్ళు దిగకుండా బరకం."

"నీకు మతిపోయిందేట్రా! వానలోకి బెల్లం తెచ్చీ మనిషిని నా జన్మలో సూడ్నేదు! బరువే కావాలంటే ఇసక నింపుకో. రాయెట్టుకో."

"నాను ఇసకతో పడ్డానా? ఇసక మూటైతే తడిసినా పర్లేదని కాలికి తెలిసిపోతాది మామా. కాలు బద్దకిత్తాది. నెత్తిమీద బెల్లం ఉందంటే ఏలి సివర దాకా బయం ఉంటాది. ఆ బయవే కావాల నాకు."

"ఎన్నాళ్ళ నుంచీ వేషాలు?"

"ఆషాఢంలో తొలివాన పడిన్నాడు ఒట్టేసేను. దిమ్మ నెత్తినెట్టుకుని రోజూ కొండెక్కి దిగుతాను. ఏ రోజు దిమ్మ తడుత్తాదో ఆ రోజు నాయంతట నానే ముఠా ఒగ్గేత్తాను. ఎవుడూ కాగితాలు తేనక్కర్నేదు."

"ఎవులిమీదేసేవు ఒట్టు? మా పిల్లమీదా?"

"దానిమీదేత్తే ఊరుకుంటాదేటి? నామీదే."

"అయితే మూణ్ణెల్ల నించీ తడవనేదా?"

"అదిగో, అక్కడ గొయ్యుంది సూసుకో."

"గొయ్యి సంగతి నాను సూసుకుంటాను. తడవనేదా అని అడుగుతన్నాను."

"తడిసుంటే ఇక్కడెందుకుంటాను?"

"ఊఁ. అయితే పందెం. పైకెళ్ళేక మూటిప్పు. నాను ఏలెట్టి సూత్తాను. ఎక్కడన్నా సెమ్మ తగిలిందా, అక్కడే సంతకం. మళ్ళీ మాటుండకూడదు."

"పొడిగుంటే?"

"పొడిగుంటే కాగితం నానే సింపేత్తాను. దసరాకి నీ పేరు నానే సదువుతాను."

"గట్టిగా సదవాల."

"గట్టిగానే సదువుతాను. రైలు స్టేషను కాడికి ఇనపడీటట్టు."

"పద. ఇంక మాటల్లేవు."

"నీకు మాటల్లేవేమో. నాకున్నాయి. నువ్వు మళ్ళీ పడితే మా పిల్ల మొహం నానెలా సూడాల్రా? అది ఆలోచించేవా? డాక్టరు నడవమన్నాడు. మొయ్యమన్నేదు. ఆ మాఘంలో నువ్వు పడిన్నాడు..."

"ఆ రోజెందుకిప్పుడు?"

"ఆ రోజు ఆ బల్లేసింది నానే."

"తెలుసు."

"తెలుసా?"

"కిందనించి సూత్తన్నాను గదా. నువ్వే ఏసేవు. సరిగ్గానే ఏసేవు మామా. బల్ల జరగనేదు. నా కాలు జారింది. నువ్వు దాన్ని మనసులో ఎట్టుకుని నాకు కుర్చీలు ఎతుకుతన్నావు. నాకు కుర్చీ ఒద్దు. రెండు నెల్లు మంచం మీద కర్రలాగ పడుకుని, ఇంట్లోనే పాకి, గోడట్టుకుని నిలబడి, ఇదంతా నాను కుర్చీలో కూకోడానికి సేసేనేటి? ఎవుడైనా నన్నడిగేడా, నీకేటి కావాల కనకరాజూ అని?"

"అడిగితే ఏటంటావు?"

"నా పేరు కావాల. పదిహేడులో నా పేరు. అంతే... అమ్మో!"

"ఒరే ఒరే ఒరే! జారుతంది! నీ కాలు!"

"మామా తగ్గు! నా మీదకి రాకు, తగ్గు!"

"మోకాలెయ్యి! కూకుండిపో! దిమ్మొగ్గీ! దిమ్మొగ్గీరా ఎదవా!"

"ఒగ్గను."

"కాలిరిగిపోద్దిరా!"

"ఇరిగిన కాలే గదా. ఒగ్గను! సేతులు పైకే ఉన్నాయి సూడు. నేల తగల్నేదు. మామా, బరకం! బరకం సివర లేచిపోతంది, గాలికి..."

"కదలకు! ఉండు, కదలకు! పట్టేను. పట్టేనంటన్నాను గదా. ఇప్పుడు నెమ్మదిగా నెగు. ఆ సెట్టు ఏరట్టుకో. నెగు, నెగు. అదీ."

"బరకం సర్దు."

"సర్దేను. మోకాలు నెత్తురొత్తంది."

"రానీ. మామా..."

"ఏటి?"

"నువ్వు తడిసి ముద్దయిపోతన్నావు."

"ఆఁ?"

"గొడుగు నీ నెత్తిమీద నేదు. దిమ్మ మీద పట్టేవు."

"సేతికి అలవాట్రా. దిమ్మ కనబడితే సెయ్యి అటే పోతాది."

"నామీద పట్టొచ్చు గదా, పడినోణ్ణి."

"నీమీదెందుకు? సెంబుడు నీళ్ళు గుమ్మరించుకొచ్చినోడివి!"

"సరే, బరకం సరిగ్గా ఉంది. గొడుగు తీసుకో."

"తియ్యను."

"ఏం?"

"పైదాకా ఇలాగే పడతాను. బరకం లేచిపోయింది కాబట్టి తడిసింది అని రేపు నువ్వు అనకూడదు. నాను అన్యాయంగా గెలిసేనని నలుగురూ అనకూడదు. పందెం పందెవే. నడు."

కొండమీద గాలి ఇంకా ఎక్కువగా ఉంది. ఒక రాతి చూరు కింద కనకరాజు మూట దించి మామ ముందు పెట్టాడు.

"ఇప్పు."

"నువ్వే ఇప్పు మామా. పందెం కట్టింది నువ్వు."

"బరకం లోపల రెండు సుక్కలున్నాయి."

"అది బరకం. బెల్లం సూడు."

"గోనె... గోనె పొడే. తాటాకు... ఓరి, గలగల్లాడతంది!"

"ఏలెట్టు."

"పెట్టేను."

"సెమ్మ తగిలిందా?"

"ఉండు, అడుగున సూడనీ. అడుగునా నేదు. వాసనా బాగానే ఉంది."

"పొడిగుందా, నేదా?"

"పొడిగుంది."

"గట్టిగా. స్టేషను కాడికి ఇనపడాల."

"ఆగు. ఇలా తిప్పు దీన్ని, ఎలుతురుకి... ఒరే కనకరాజూ."

"ఏటి?"

"ఇది ఆషాఢం నాటి దిమ్మ కాదు."

"దిమ్మ దిమ్మే."

"ఎవుడికి సెప్తావురా? మూణ్ణెల్లు ఈ గాల్లో తిరిగిన బెల్లవైతే ఈపాటికి నల్లబడిపోవాల. ఇది పచ్చగా మెరుత్తంది. కోల్డ్ స్టోరేజీలోంచి తీసి వారం అవనేదు."

"పది రోజులయింది."

"ఇదెన్నోది?"

"పందెం ఈ దిమ్మ మీద కట్టేవు."

"ఎన్నోదిరా?"

"నాలుగోది."

"నాలు... ఓలమ్మో! బెల్లం టీ!"

"ఆఁ."

"బూరెలు!"

"అది మూడోది."

"తడిసిన సరుకంతా నాసేత తాగించి తినిపించేరన్నమాట, మొగుడూ పెళ్ళాం కలిసి! పంచదార మంచిది కాదంట! ఫోన్లో సెప్పేరంట! అయితే మొదటిది ఎప్పుడు తడిసింది?"

"ఆరో రోజు."

"ఆరో రోజే ఒట్టు పోయింది."

"పోయింది."

"ఆ రోజే నువ్వు వచ్చి సెప్పాల, మేస్త్రీ, నాను తప్పుకుంటన్నానని."

"సెప్పాల. ఇక్కడే, ఈ రాయి కింద కూకుని ఏడిసేను మామా. ఎవులూ సూడనేదు కాబట్టి ఇప్పుడు సెప్తన్నాను. తెల్లారితే నీ దగ్గరికొచ్చి సెప్పీద్దావనే అనుకున్నాను. మర్నాడు మెలకువొచ్చీసరికి వాన. సెప్పులేసుకుని పెరట్లోకెళ్ళేను. గట్టు మీద సెంబు నిండుగా ఉంది. అంతవరకూ తిట్టిన మనిషి, ఆ రోజే మొదటిసారి నింపెట్టింది. ఒట్టు సంగతి దానికి తెలుసు. దిమ్మ తడిసిందనీ తెలుసు. అన్నీ తెలిసే నింపింది. ఇంకేటి సెయ్యను? ఎత్తి పోసుకున్నాను. ఒట్టు తప్పేను మామా. కొండ తప్పనేదు."

"ఒక్క రోజూ?"

"ఒక్క రోజూ. మూడూ తడిసినప్పుడు మూడుసార్లూ ఏడిసేను. మర్నాడు మళ్ళీ వచ్చేను."

"మా పిల్ల నాకొక్క మాటైనా సెప్పనేదు సూడు."

"టీ ఇచ్చింది గదా."

"నవ్వించకు. నాకిక్కడ ఒణుకు పుడతంది. మూడు దిమ్మలు తడిపినోణ్ణి ఏటి సెయ్యాలో నువ్వే సెప్పు. కట్టుబాటు ప్రకారం అయితే..."

"ఆ మూడూ నా సొంతం. నాను కొనుక్కున్నవి. కట్టుబాటు ముఠా సరుక్కి. నా బెల్లం నాను తడుపుకుంటాను, బూరెలు ఒండించుకుంటాను, ఎవుడికేటి? నువ్వు పందెం కట్టింది దీనిమీద. ఇది పొడిగుందని నీ నోటంట అన్నావు. కాగితం తియ్యి. సింపు."

"సింపుతాను. మాటంటే మాటే. నాను మాట తప్పీ మనిషినేటి? ఉండు, ఈ జేబు... కాదు, లోపలి జేబు..."

"ఏటయింది?"

"ఏటీ నేదు."

"దొరకనేదా?"

"దొరికింది."

"మరి తియ్యవేటి?"

"ఎందుకులే, కిందకెళ్ళేక సింపుదాం. పద."

"గుప్పిట్లో ఏటది?"

"ఏటీ నేదంటే!"

"గుప్పిటిప్పు మామా."

"ముద్దయిపోయింది. ఇందాక గొడుగు ఇటు పట్టేను గదా. ఒక్క అక్షరం కనపడట్నేదు. ఇంక సింపడానికేటుంది, నీ పీడ ఒదిలింది, సరా?"

"ఆగు. ఆ కాగితం నీ సొంతవా?"

"నాదెందుకవుతాది? ముఠా పంపింది. జాగర్తగా తీసుకెళ్ళి, సంతకం ఎట్టించి, జాగర్తగా తెమ్మన్నారు."

"అంటే ముఠా సరుకు."

"ఒరే... ఒరే కనకరాజూ..."

"నా నెత్తిమీద సరుకు పొడిగుంది. ముఠా సరుకు నీ సేతిలో తడిసింది. ఇప్పుడు సెప్పు మేస్త్రీ, మీ నాయన పెట్టిన కట్టుబాటు ప్రకారం, ముఠాలోంచి ఎవుడు తప్పుకోవాల?"